మునెమ్మ రెండోసారి అడగలేదు

2004లో మా ఆఫీసు మదనపల్లెలో, బెంగళూరు రోడ్డు మీద, ఒక సైకిల్ షాపు పైన ఉండేది. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. ఒకటిన్నర గది, మూడు కంప్యూటర్లు, కరెంటు పోయినప్పుడల్లా కుయ్యోమని మొత్తుకునే ఒక యూపీఎస్. కింద ట్యూబులకు గాలి కొడుతుంటే పైన మా బల్లలు సన్నగా అదిరేవి. అక్కడ కూర్చుని మేం కంప్యూటర్ ఆటలు తయారుచేసేవాళ్లం. ఈ మాట చెబితే మా చుట్టాల్లో ఒక్కరూ నమ్మలేదు. "ఆటలా? పిల్లోళ్లు ఆడుకునేటివా? దానికి జీతం గూడా ఇస్తారా?" అని మా పెద్దమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు.

ఆటల్లో నేను చేసే పనిని నెరేటివ్ డిజైన్ అంటారు. కథ రాయడమే, కాకపోతే పుస్తకంలో రాసినట్టు రాస్తే కుదరదు. పుస్తకంలో మనం ఎటు నడిపిస్తే చదివేవాళ్లు అటు వస్తారు. ఆటలో అడుగడుగునా ఆగి, ఎటు పోవాలో మనమే వాళ్లను అడగాలి. ఎడమకు పోతామంటే ఒక కథ, కుడికి పోతామంటే ఇంకో కథ. ఇలా కథ చీలడాన్ని బ్రాంచింగ్ అంటారు. చీలే ప్రతి చోటునూ నోడ్ అంటారు. వినడానికి సరదాగానే ఉంటుంది. ప్రతి చోటా రెండు దారులు పెడితే రెండు నాలుగవుతుంది, నాలుగు ఎనిమిదవుతుంది, పది చోట్లు దాటేసరికి వెయ్యి కథలు రాయాల్సి వస్తుంది. అన్ని కథలు రాయడానికి నాకు ఈ జన్మ చాలదు. అందుకని దారుల్ని విడదీసి, ఆడేవాళ్లకు తెలియకుండా మళ్లీ ఒకచోట కలపాలి. మా పనిలో నేర్పంతా ఆ కలపడంలోనే ఉంది.

అంతకుముందు ఎనిమిదేళ్లు నేను ఒక డీటీపీ సెంటర్లో పెళ్లి కార్డులు టైపు చేశాను. ఆ ఎనిమిదేళ్లలో రెండు సంపాదించుకున్నాను. ఒకటి తెలుగు టైపింగులో వేగం, రెండోది బస్తాడు మిగిలిపోయిన పెళ్లి కార్డులు. ముహూర్తం మారినవీ, వరుడి ఇంటిపేరు తప్పుపడినవీ. వాటి వెనక వైపు తెల్లగా ఉంటుంది కదా. ఒక్కో నోడుకు ఒక్కో కార్డు రాసి, ఆఫీసులో ఈ గోడ నుంచి ఆ గోడకు తాడు కట్టి, బట్టల క్లిప్పులతో తగిలించేదాన్ని. నీరుగట్టువారిపల్లె మగ్గాల దగ్గర మిగిలిన పట్టుదారం తెచ్చి కార్డుకూ కార్డుకూ కట్టేదాన్ని. ఎర్రదారం అయితే దారి చీలుతుంది, పచ్చదారం అయితే కలుస్తుంది. కొరియర్ ఇవ్వడానికి వచ్చినాయన ఒకసారి ఆ తోరణాలన్నీ చూసి, "ఎవురమ్మా పెండ్లికూతురు?" అని అడిగాడు.

నాతో పాటు భాస్కర్ ఉండేవాడు. పుంగనూరు మనిషి, ప్రోగ్రామర్. నేను కార్డు మీద రాసింది కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చెప్పడం అతని పని. రోజూ పుంగనూరు నుంచి బస్సులో వచ్చి వెళ్లేవాడు. బొమ్మలు గీసే ఖాదర్ ఇంటి దగ్గరే కూర్చుని గీసి పంపేవాడు. అంతే మా సైన్యం.

ఆ ఏడాది బెంగళూరు కంపెనీ ఒకటి మాకు పని ఇచ్చింది. పల్లెల్లో ఆడవాళ్లకు కంప్యూటర్ నేర్పించడానికి సెంటర్లు పెడుతున్నారు. మొదట వాళ్లకు మౌస్ పట్టుకోవడం అలవాటు కావాలి. మిగతా చోట్ల తెర మీద డబ్బాలను ఇటునుంచి అటు లాగమని చెప్పేవాళ్లు. ఇల్లంతా మోసే ఆడవాళ్లకు ఇక్కడ కూడా డబ్బాలు మోయించడమేమిటని నాకు ఒళ్లు మండింది. కథ పెడదామన్నాను. కథలో ఏం జరగాలో వాళ్లే నొక్కి చెబుతారు, మౌస్ దానంతటదే వస్తుంది అన్నాను. కంపెనీ తరఫున మాతో మాట్లాడే వినయ్ గారు ఒప్పుకున్నారు. ఆయన పుట్టి పెరిగింది ఢిల్లీలో. ఇంట్లో నేర్చుకున్న తెలుగు, మంచి మనిషి, ఎప్పుడూ చేతిలో చిన్న నోటుపుస్తకం.

కథ ఇది. పుంగనూరులో ఒకామె ఆవు తప్పిపోయింది. పుంగనూరు ఆవులు చూశారుగా, నడుము దాకా కూడా రావు. పేరు గౌరి, పైగా చూడితో ఉంది. ఆడేవాళ్లే ఆ ఆవు యజమానురాలు. పుంగనూరు నుంచి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం దాకా ఇల్లిల్లూ అడుక్కుంటూ పోవాలి. దారిలో పదిహేను ఇళ్లు. మొదటిది మునెమ్మ అనే ముసలామె ఇల్లు. మునెమ్మ "కాఫీ తాగుతావామ్మా?" అంటుంది. తాగుతానంటే కూర్చోబెట్టి, పొద్దున గౌరి ఎటు పోతుంటే చూసిందో చెబుతుంది. వద్దంటే సరేనని లోపలికి పోతుంది. ఆమె మాట వినకపోతే దారి తెలియదు.

ఇలా రాయడం నేను ఊరికే చేయలేదు. ఈ పని నేర్పే ఇంగ్లిష్ పాఠాలు ఇంటర్నెట్ సెంటర్లో అచ్చు తీయించుకుని, అట్ట వేసుకుని, కంఠతా పట్టాను. అందులో మొదటి సూత్రం, ఎంపికకు ఫలితం ఉండి తీరాలని. రెండో సూత్రం, ఒకసారి ఎంచుకున్నాక మళ్లీ అదే అడగకూడదని, అడిగితే ఆడేవాళ్ల మాటకు విలువ ఇవ్వనట్టని. ఎంత బాగా చెప్పారో అని మురిసిపోయి, ఆ రెండు వాక్యాల కింద గీతలు కూడా గీసుకున్నాను.

ప్లేటెస్ట్ కుప్పంలో పెట్టారు. ప్లేటెస్ట్ అంటే, తయారైన ఆటను ఆడేవాళ్ల ముందు పెట్టి మనం నోరు మూసుకుని వెనక నిలబడి చూడటం. సాయం చేయకూడదు, సైగ చేయకూడదు. పరీక్ష వాళ్లకు కాదు, మనకు. మహిళా సంఘం గదిలో ఆరు కంప్యూటర్లు, పన్నెండు మంది ఆడవాళ్లు. ఐదో ఏడో చదివి, తెలుగు తడుముకోకుండా చదవగలిగేవాళ్లే. వినయ్ గారు బెంగళూరు నుంచి రైల్లో దిగారు. నేనూ భాస్కరూ తెల్లవారకముందే బస్సెక్కి సీడీలతో చేరుకున్నాం.

మొదటి ఆరుగురు కూర్చున్నారు. ఐదు నిమిషాలు కూడా కాలేదు. ఆరు తెరల మీదా ఒకటే వాక్యం. "ఆవు దొరకలేదు. ఆట ముగిసింది."

మేం మూడు నెలలు రాసిన కథ, పదిహేను ఇళ్లు, తాడు తెగేంత బరువైన కార్డులు, అన్నీ మొదటి గడపలోనే ఆగిపోయాయి. రెండో జట్టు కూర్చుంది. అదే వరస. ఒక్కామె మాత్రం ముందుకు పోయింది. అదీ చెయ్యి జారి "తాగుతాను" మీద పడింది. ఆమె మౌస్ వదిలేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అయ్యయ్యో, తాగతానని పడిపోయిందే! ఏమనుకుంటాదో ఆయమ్మ!" అంది.

మిగతావాళ్లు కుర్చీలు వెనక్కి జరుపుకుని లేచారు. కుప్పం రైల్వే గేటు దగ్గర అంగడి నడిపే రత్నమ్మ అందరిలోకీ నోరున్న మనిషి. ఆమె నా దగ్గరికొచ్చి, "ఆట బాగుండాది గానీ, ఆ ముసలామెకు మర్యాద తెలదు మ్మా" అంది. నేను రాసిన మాటతీరు బాగాలేదంటోంది కాబోలనుకుని తల ఊపాను. జవాబు రెండుసార్లు నా చెవిలో పడింది. రెండుసార్లూ నేను చదువుకున్నదాన్ని కాబట్టి నాకు వినపడలేదు.

భాస్కర్ ఆటలో తప్పేమైనా ఉందేమోనని ఒక కంప్యూటర్ ముందు కూర్చుని వెతికాడు. "ఏం లేదక్కా. నువ్వు రాసినట్లే నడస్తా ఉండాది" అన్నాడు. అది ఇంకా భయపెట్టింది. ప్రోగ్రాంలో తప్పుంటే దిద్దొచ్చు. నేను రాసినట్టే నడిచి ఓడిపోతే దాన్ని ఎవరు దిద్దుతారు?

వినయ్ గారు నన్ను వరండాలోకి పిలిచారు. ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"కథ తప్పు కాదు సుగుణ గారూ. వీళ్లకు ఎంచుకోవడం అలవాటు లేదు. జీవితంలో ఎవరూ వీళ్లను మీకేం కావాలని అడిగి ఉండరు. అందుకే అడగ్గానే వద్దంటున్నారు. ఎంపికలు తీసేద్దాం. కథ నేరుగా పోనివ్వండి, వాళ్లు బటన్ నొక్కుతూ చూస్తారు."

"అప్పుడది ఆట కాదండీ" అన్నాను.

"వచ్చే సోమవారం మళ్లీ ఇక్కడే కలుద్దాం. ఆ రోజు వీళ్లు కథ చివరిదాకా వెళ్లాలి. లేకపోతే డబ్బాలు లాగే సీడీ ఇంకొకరి దగ్గర సిద్ధంగా ఉంది, అది తీసుకుంటాం. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకండి అంటే ఎవరైనా ఏమీ అనుకోకుండా ఉంటారా? ఆ పని పోతే మాకు ఇంకో పని లేదు. ఆఫీసు మూసేయాలి, నేను మళ్లీ "బంధుమిత్రుల అభినందనలతో" అని టైపు చేసుకోవాలి. దానికి కూడా అంత బాధ పడలేదు. వాళ్లకు ఎంచుకోవడం రాదన్నాడే, అది గుచ్చుకుంది. కాదని చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు. పైగా లోపల ఎక్కడో నేను కూడా ఆ మాట నమ్మడం మొదలుపెట్టాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది ఆ సంగతి తలచుకుంటే.

అందరూ వరండాలో చేరారు. రత్నమ్మ స్టీలు డబ్బా మూత తీసింది. ఉడకబెట్టిన శెనక్కాయలు, ఇంకా వేడిగా ఉన్నాయి. ముందు వినయ్ గారి ముందు పెట్టింది.

"తిను సార్."

"వద్దండీ, థాంక్స్."

"రెండు తిను సార్, ఏమయితాది?"

"వద్దన్నాను కదమ్మా" అంటూ ఆయన చెయ్యి అడ్డం పెట్టి నోటుపుస్తకంలోకి తల దించారు. ఆమె మొహం చిన్నబోయింది. డబ్బా నా వైపు తిప్పింది.

"నువ్వు తిను మ్మా."

"వద్దక్కా, ఇప్పుడే టిఫిన్ తిన్నా" అన్నాను. నిజానికి పొద్దున బస్సు తప్పిపోతుందని నీళ్లు కూడా తాగకుండా వచ్చాను. కడుపులో పేగులు అరుస్తున్నాయి.

"ఉడకేసి తెచ్చినా. తిను."

"అయ్యో, మీకు చాలవేమోలే అక్కా."

ఆమె ఇంక అడగలేదు. నా చెయ్యి లాగి గుప్పెడు కాయలు అరచేతిలో పోసి, పక్కామెతో ఏదో మాట్లాడటం మొదలుపెట్టింది. నేను తినేశాను. నాలుగో కాయ ఒలుస్తుండగా నా చెయ్యి ఆగిపోయింది. పొట్టు వేళ్ల మధ్యే ఉండిపోయింది. ఇప్పుడు నేనేం చేశాను? ఆకలితో చస్తూ రెండుసార్లు వద్దన్నాను. అబద్ధం కూడా ఆడాను. నన్నెవరైనా మునెమ్మలా ఒక్కసారి అడిగి లోపలికి పోయి ఉంటే పస్తే కదా!

"రత్నమ్మక్కా, ఆటలో మునెమ్మ కాఫీ తాగుతావా అంటే నువ్వు యాల వద్దన్నావు?" అని అడిగాను.

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "మరేమనాల? తొలీత అడగతానే తాగతానని ఎవురన్నా అంటారా మ్మా? కాఫీకి మొగం వాసిపోయినామా? ఆమె ఇంకోతూరి అడగతాదిలే అని సూస్తా కూసున్నా. అడగనే లేదు, లోపలికి పాయ. ఏం మనిషమ్మా ఆమె! ఆవు పోయి అంగలారస్తా ఉండేదానికి ఒక లోటా కాఫీ పొయ్యలేదు."

చుట్టూ ఉన్నవాళ్లంతా "అవును మే", "నేను గూడా అదే అనుకుంటి" అన్నారు. చెయ్యి జారిన ఆమె అయితే తల ఎత్తలేదు.

"మరి నిజంగానే వద్దనుకుంటే ఎట్లా తెలిసేది?"

"అదేం పెద్ద ఇద్దె? ఒకటో వద్దు మర్యాదకి. రెండో వద్దు మొగమాటానికి. మూడోతూరీ వద్దంటే ఆ మనిషికి నిజింగా వద్దని. దీన్ని గూడా రాసుకోవాల్నా నువ్వు?"

రాసుకున్నాను. సంచిలో ఎప్పుడూ ఖాళీ పెళ్లి కార్డులు ఉంటాయి. మూడు వాక్యాలు ఆమె అన్నట్టే రాసుకున్నాను. వాళ్లు ఎంచుకోవడం రాక ఓడిపోలేదు. వాళ్లు అందరికంటే నిక్కచ్చిగా ఎంచుకున్నారు, ఇంట్లో ఎట్లా ఎంచుకుంటారో అట్లాగే. పుట్టినప్పటి నుంచి ఆ మర్యాద మధ్యే బతికిన నేను, కథ రాసేటప్పుడు మాత్రం ఎవరో పరాయి ఊరివాళ్లలా రాశాను.

తిరుగు బస్సులో భాస్కర్‌కు చెప్పాను. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు. "నిజమే అక్కా. అయితే పదైదు ఇండ్లుండాయి. ఇంటికి మూడు తూర్లంటే కార్డులు యాడ తగిలిస్తావు? దారాలు సైకిల్ షాపులోకి దిగతాయి."

అతను ఊరికే అనలేదు. ప్రతి ఇంట్లో ఒక్కో అడగడానికీ ఒక్కో కొత్త దారి చీలిస్తే కథ మా చేయి దాటిపోతుంది. పలమనేరు దాటేలోపు దారి అతనే కనిపెట్టాడు. కొత్త కార్డులు వద్దు. ఉన్న కార్డు మీదే ఒక గుర్తు పెట్టుకుంటే చాలు, ఎన్నిసార్లు వద్దన్నారని. మా పనిలో దాన్ని ఫ్లాగ్ అంటారు. కథ ఎటూ చీలదు, అక్కడే నిలబడి ఒకటి, రెండు అని మనసులో పెట్టుకుంటుంది. మూడోసారికి దారి తేలుతుంది. "మనింట్లోళ్లు చేసేదీ ఇదేగా అక్కా" అన్నాడు భాస్కర్. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది.

బుధవారానికి ఆట మార్చేశాం. గురువారం పుంగనూరులో భాస్కర్ ఇంటికి వెళ్లాం. అతని దగ్గర ఒక పాత కంప్యూటర్ ఉండేది. వాళ్లమ్మ సరోజమ్మను దాని ముందు కూర్చోబెట్టాం. మునెమ్మ "కాఫీ తాగుతావామ్మా?" అంది. సరోజమ్మ వద్దు నొక్కింది. మునెమ్మ మళ్లీ "కాఫీ తాగుతావామ్మా?" అంది. వద్దు. మళ్లీ "కాఫీ తాగుతావామ్మా?"

సరోజమ్మ మౌస్ తోసేసింది. "ఏమప్పా బాస్కరా, ఏందీమె? కండక్టరు టికెట్ టికెట్ అన్నట్ల అదే మాట అడగతాది! ఇట్లడిగితే తాగేటోళ్లు గూడా తాగరు."

మూడుసార్లు అడగాలని తెలుసుకున్నాం గానీ, ఎలా అడగాలో తెలుసుకోలేదు.

"మరి ఎట్లడగాల మ్మా?" అని భాస్కర్ విసుక్కున్నాడు.

"తొలీత నోటితో అడగతాం. రెండోతూరి అడగం, నీ కోసరం పెట్టలేదు, మాకెట్లాగూ కలపతా ఉండా అంటాం. మూడోతూరి నోరే తెరవకూడదు. లోటా పక్కన పెట్టేసి లోపలికి పోవల్ల. ఎదురుగా నిలబడుకుంటే మొగమాటానికి తాగరు, పోలీసోళ్ల మాదిరి ఉంటాది. మనం లేనప్పుడు తాగతారు."

"నిజంగా వద్దనేవాళ్లుంటే?" అన్నాను నేను.

"ఉంటారు. బీపీ ఉండేటోళ్లు, ఒక్కపొద్దు ఉండేటోళ్లు. వాళ్లనేం గడప దాటిస్తామా? వచ్చేటప్పుడన్నా తాగిపో అంటాం. అయినా ఆవు యాడికి పోయిందో సెప్పేదానికీ కాఫీకీ ఏం సమ్మందం? ఆవు పోగొట్టుకున్న మనిషికి సెప్పకుండా ఉంటారా ఎవురన్నా!"

నేను తల వంచుకుని రాసుకుంటున్నాను. అప్పుడు చూసుకున్నాను, నా పక్కన స్టూలు మీద ఖాళీ లోటా. ఆమె ఎప్పుడు పెట్టిందో, నేనెప్పుడు తాగానో నాకు తెలియదు. వచ్చినప్పుడు రెండుసార్లు వద్దన్నట్టు మాత్రం గుర్తుంది. భాస్కర్ పడీపడీ నవ్వాడు.

శుక్ర, శని, ఆది మూడు రోజులూ ఆ ఖాళీ లోటానే తలచుకుంటూ రాశాను. రెండోసారి మునెమ్మ అడగదు, పొయ్యి ఊదుతూ "మాకెట్లాగూ పెడుతున్నా" అంటుంది. మూడోసారి తెర మీద లోటా ఒకటే ఉంటుంది, పొగలు కక్కుతూ. మునెమ్మ కనపడదు. నొక్కాల్సింది మాటను కాదు, లోటానైనా నొక్కాలి, గడపనైనా నొక్కాలి. గడప నొక్కితే "వచ్చేటప్పుడన్నా తాగిపో" అని గొంతు వినపడుతుంది, ఆవు పోయిన దారీ చెబుతుంది. దారి మూసుకుపోయే చోటును మేం డెడ్ ఎండ్ అంటాం. ఆ కథలో ఉన్న డెడ్ ఎండ్‌లన్నీ తెంపేశాను. తాడు మీద పచ్చదారాలు పెరిగాయి. గీతలు గీసుకున్న ఇంగ్లిష్ సూత్రాల మీద మాత్రం ఒక అడ్డగీత గీశాను.

సోమవారం మళ్లీ కుప్పం. అదే గది, అదే పన్నెండు మంది, ఈసారి కంప్యూటర్‌కు ఇద్దరు చొప్పున. వినయ్ గారు గోడకు ఆనుకుని నిలబడ్డారు, పుస్తకం చేతిలో ఉంది. నేను కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను.

రత్నమ్మ కూర్చుంది. వద్దు. మునెమ్మ పొయ్యి ఊదింది. రత్నమ్మ పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది. వద్దు. లోటా వచ్చి అరుగు మీద కూర్చుంది. రత్నమ్మ అటూ ఇటూ చూసింది. నిజంగా చూసింది, ఎవరైనా గమనిస్తున్నారేమోనని! తర్వాత టక్కున లోటా నొక్కింది. "ఆ! ఇప్పుడు మనిషి మాదిరి ఉండాది" అని కంప్యూటర్‌తోనే చెప్పింది.

ఇంకో నాలుగు లోటాలు ఒకదాని వెనక ఒకటి ఖాళీ అయ్యాయి. ఆరో కంప్యూటర్ ముందు ఒకామె, బీపీ ఉందట, గడప నొక్కింది. పలమనేరు దాకా పోయాక ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి మునెమ్మ ఇంటికి వచ్చింది. "వచ్చేటప్పుడు తాగిపో అన్నింది గదా, మాట పోతాది" అంది. ఆ దారి నేను రాసి పెట్టాను గానీ ఎవరైనా వెనక్కి వస్తారనుకోలేదు. అక్కడ నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు కూడా.

రెండు గంటలు గడిచాయి. ఒక్కరూ లేవలేదు. మౌస్ పట్టుకోవడం గురించి ఎవరికీ ఆలోచనే లేదు, గౌరి గురించే. చివరికి కుప్పం దగ్గర ఒక ముసలి దంపతుల పాకలో గౌరి దొరికింది, పక్కన అప్పుడే పుట్టిన దూడ. దారి తప్పి వచ్చిన ఆవును వాళ్లే కాపాడి ఈనేదాకా చూసుకున్నారు. ఇప్పుడు ఆఖరి ఎంపిక. ఆవునూ దూడనూ తీసుకుపోవాలా, లేక రెండింటినీ వాళ్ల దగ్గరే వదిలిపెట్టాలా?

గది గదంతా సంతలా మారిపోయింది. "మన ఆవు మనం యాల వదలాల?" అని ఒకామె. "సాకినోళ్లకి ఉత్తసేతులు సూపిస్తావా?" అని ఇంకొకామె. ఇద్దరు అక్కాచెల్లెళ్లు అక్కడే మాటామాటా అనుకున్నారు. రత్నమ్మ మౌస్ మీంచి చెయ్యి తీసేసి నా వైపు తిరిగింది.

"ఈ రెండూ బాగలేవు మ్మా. ఆవును తోలుకోని పోతా. దూడ పాలు మరిసినాక దాన్ని ఈళ్లకు తెచ్చిస్తా. అది యాల పెట్టలేదు నువ్వు?"

ఎందుకు పెట్టలేదు? నాకు తట్టలేదు. సంచిలోంచి ఒక పెళ్లి కార్డు తీసి, ఆమె మాటలు ఆమె చెప్పినట్టే వెనక రాసి భాస్కర్ చేతిలో పెట్టాను. అందరూ భోజనం చేసి వచ్చేలోపు అతను దాన్ని ఆటలో కలిపాడు. పన్నెండు మందిలో ఎనిమిది మంది ఆ మూడో దారిలోనే పోయారు. రత్నమ్మ తను చెప్పిన మాట తెర మీద చదువుకుని, పైకి ఇంకోసారి చదివి, పక్కామె భుజం చరిచింది. మా ఆఫీసు ఎన్ని ఆటలు చేసినా, నేను గెలిచానని నాకు అంత గట్టిగా అనిపించింది ఆ ఒక్క మధ్యాహ్నమే.

వినయ్ గారు పుస్తకం మూసేశారు. "పోయిన వారం నేనన్న మాట తప్పు సుగుణ గారూ. ఎంచుకోవడం రాదన్నాను. వీళ్లు మీరు ఇచ్చినవి చాలవంటున్నారు" అన్నారు. మా పని ఖాయమైంది. ఆ సీడీ ఆ తర్వాత చాలా సెంటర్లకు వెళ్లింది.

ఆయన రైలుకు బయలుదేరుతుంటే రత్నమ్మ శెనక్కాయల డబ్బా తీసింది. "తిను సార్."

"వద్దండీ, ఇప్పుడే భోంచేశాను" అన్నారు ఆయన. కానీ ఈసారి కదల్లేదు. నోటుపుస్తకం జేబులో పెట్టుకుని, గేటు వైపు చూస్తూ, ఒక చెయ్యి ఖాళీగా ఉంచుకుని నిలబడ్డారు. రత్నమ్మ నన్ను చూసి కన్ను గీటి, గుప్పిట నింపింది.

ఈ పనిలో తర్వాత చాలా కథలు రాశాను, చాలా దారులు చీల్చాను, కలిపాను. నేర్చుకున్నది మాత్రం ఆ వారంలోనే. ఆడేవాళ్లు తప్పుగా ఎంచుకున్నారనిపిస్తే, ముందు మనం ఎలా అడిగామో చూసుకోవాలి. ఎవరి ఇంటికి కథ రాస్తున్నామో ఆ ఇంటి గడప మీద కూర్చోకుండా రాయకూడదు. రత్నమ్మ మూడు వాక్యాల కార్డు ఇప్పటికీ మా ఆఫీసు గోడ మీద ఉంది. వెనక ఎవరిదో ఆగిపోయిన పెళ్లి ముహూర్తం.

మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు ఆ కార్డు చూపించను. కాఫీ తాగుతారా అని అడుగుతాను. వద్దండీ అంటారు. మాకెట్లాగూ పెడుతున్నాం అంటాను. పర్లేదండీ అంటారు. లోటా తెచ్చి పక్కన పెట్టి, ఫోను వచ్చినట్టు బయటికి వెళ్లిపోతాను. తిరిగి వచ్చేసరికి లోటా ఖాళీగా ఉంటుంది. అప్పుడు వాళ్లను గోడ దగ్గరికి తీసుకెళ్లి కార్డు చదవమంటాను.